మనోవ్యాధి చికిత్సలో నర్సు

జ్వరమును ఉష్ణమాపకముతో కొలువవచ్చును. మనోవ్యాధిని కొలుచుటకు అట్టి పరికరమేదియు లేదు. రోగి నిద్ర, ఆహారము, మాట, నడక - వీనిలో దినదినము కలుగు మార్పులే ఇచట కొలమానములు. వానిని రేయింబవళ్ళు కనిపెట్టి వైద్యునకు తెలుపునది నర్సు.

పేద దేశములలో ఇట్టివారు బహు కొద్దిమంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన లెక్కల ప్రకారము, మానసిక ఆరోగ్య సిబ్బంది ధనిక దేశములలో లక్ష జనాభాకు 60 మందికి పైగా ఉండగా, అల్పాదాయ దేశములలో ఇద్దరికంటె తక్కువ. వార్డు నిండ రోగులు, నర్సు ఒక్కతె అయినచో మందులు పంచుటతోనే పొద్దు గడచును; రోగితో కూర్చుండి మాటలాడు తీరిక ఉండదు.

దీనివలన కలుగు నష్టమును లిథియం అను మందునుబట్టి గ్రహింపవచ్చును. ఉన్మాదము, విషాదము మార్చి మార్చి వచ్చు వ్యాధిలో ఇది గొప్ప మేలు చేయును. కాని మేలు చేయు మోతాదునకు, కీడు చేయు మోతాదునకు నడుమ ఎడము తక్కువ. సాధారణముగా లీటరు రక్తరసములో ఇది 0.6 నుండి 1.0 మిల్లీమోల్ వరకు ఉండవలెను, 1.5 దాటినచో విషలక్షణములు పొడచూపవచ్చును. చెమట, వాంతులు, విరేచనములవలన శరీరమున నీరు, ఉప్పు తగ్గినప్పుడు మూత్రపిండములు లిథియమును తగినంతగా విసర్జింపవు. కనుక మన వేసవిలో అపాయమెక్కువ. రక్తపరీక్షకు ప్రయోగశాల లేనిచోట నర్సు కన్నులే ఆధారము. చేతులు వణకుట, తూలి నడచుట, మాట తడబడుట ఆమె గమనించి, వెంటనే వైద్యునకు తెలుపవలెను.

హాలోపెరిడాల్ వాడిన కొందరికి మెడ ఒక ప్రక్కకు తిరిగి, కనుగ్రుడ్లు పైకి పోవును. దయ్యము పట్టినదని ఇంటివారు భయపడి మందు మానిపింతురు. ఇది మందువలన కలిగిన కండరముల బిగువు మాత్రమే. తగిన ఇంజెక్షను ఇచ్చినచో సాధారణముగా అరగంటలోపుననే తగ్గును. ఈ సంగతి ముందుగా నచ్చచెప్పు నర్సు ఉన్నచో చికిత్స మధ్యలో ఆగదు.

మనదేశమున 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో కట్టుటను, ఏకాంతమున నిర్బంధించుటను నిషేధించినది. ముంచుకొని వచ్చు హానిని ఆపుటకు వేరు మార్గము లేనప్పుడే, చికిత్స చేయు మానసిక వైద్యుని అనుమతితో రోగిని కదలకుండ పట్టి ఉంచవచ్చును. ఇది న్యాయమైన నియమము. అయితే ఉద్రేకపడిన రోగిని మాటలతో శాంతపరచుటకు ఓర్పు, శిక్షణ, తోడుగా మరి ఇద్దరు ముగ్గురు మనుష్యులు కావలెను. రాత్రివేళ ఒంటరిగా ఉన్న నర్సుకు బాధ్యత కలదు, బలగము లేదు.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాధారణ వైద్య సిబ్బందికే మానసిక చికిత్సలో శిక్షణ నిచ్చు కార్యక్రమమును ప్రారంభించినది. ఇది మంచి మార్గమే. కాని శిక్షణ పొందిన నర్సును మరుసటి నెల వేరొక వార్డునకు మార్చినను, మందుల సరఫరా నిలిచిపోయినను ఆ శ్రమ వృథా యగును. గోడలు కట్టినంతమాత్రమున మానసిక చికిత్సాలయము కాదు. రోగిని పేరుపెట్టి పలుకరించు తీరిక గల నర్సులు అందు ఉండవలెను.