కొలిచి నేర్చుకోనివ్వండి

కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో పుర అనే చిన్న పల్లె ఉంది. 1970ల్లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నుంచి ఒక బృందం ఆ ఊరికి వెళ్లి ఇంటింటి లెక్క రాసుకుంది. రోజుకు ఎన్ని కట్టెలు కాలుతున్నాయి, వాటిని ఎవరు ఎంత దూరం నుంచి మోసుకొస్తున్నారు, నీళ్లు తేవడానికి ఎంతసేపు పడుతోంది, ఎడ్లు ఎన్ని గంటలు పనిచేస్తున్నాయి అన్నీ అడిగి, తూచి, నమోదు చేశారు. చివరికి తేలిందేమంటే, ఊరు వాడుకునే శక్తిలో నూటికి ఎనభై పాళ్లకు పైగా వంటచెరకుదే. కరెంటు వాటా ఒక్క శాతం కూడా లేదు. కట్టెలు, నీళ్లు మోసే చాకిరీలో పెద్ద భాగం ఆడవాళ్లమీద, పిల్లలమీద పడుతోంది.

ఈ పనికి మూలపురుషుడు అమూల్య రెడ్డి. ఎలక్ట్రోకెమిస్ట్రీలో పేరున్న ఆచార్యుడాయన. 1974లో పల్లెల అవసరాలకు సైన్సును మళ్లించాలని ‘అస్త్ర’ అనే కేంద్రాన్ని మొదలుపెట్టారు. ఆ లెక్కల్లోంచే కట్టెలు ఆదా చేసే ‘అస్త్ర ఒలె’ అనే పొయ్యి వచ్చింది. కాస్త సిమెంటు కలిపి యంత్రంతో అదిమిన మట్టి ఇటుకమీదా ఏళ్ల తరబడి పని జరిగింది. పురలో వంటగ్యాసు కోసం పెట్టిన ఊరుమ్మడి గోబర్ గ్యాస్ ప్లాంటు మొదట నిలబడలేదు. పేడ చాలలేదు, గ్యాసు అందరి పొయ్యిలకూ సరిపోలేదు. ఊరివాళ్లు మాకు ముందు మంచినీళ్లు కావాలన్నారు. 1987 నుంచి అదే గ్యాసుతో ఇంజను నడిపి, బోరు నీళ్లు తోడి, ఇళ్లలో దీపాలు వెలిగించారు. ఊరి మాట విని ఇంజినీర్లు తమ డిజైను మార్చుకున్నారు. సుస్థిరత అని మనం ఇప్పుడు అంటున్నదానికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు.

ఇప్పుడు మన కాలేజీల సంగతి చూద్దాం. పర్యావరణం పాఠం తప్పనిసరిగా చెప్పాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2018 నమూనా సిలబస్‌లో బీటెక్‌కు మొత్తం 160 క్రెడిట్లు ఉంటే, పర్యావరణ శాస్త్రానికి దక్కింది సున్నా. పాసవ్వాలి, అంతే. గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ చాలాకాలం ఇంజినీరుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాల్లో ఏడోదిగా పర్యావరణం, సుస్థిరతను ఉంచింది. ఆ ఏడో గడిలో ఒకటో రెండో మూడో అని అంకె వేయడానికి లెక్చరర్లు రాత్రిళ్లు కూర్చుని పట్టికలు నింపారు. పట్టిక నిండింది, కుర్రాడి చేతికి మాత్రం ఒక్క మీటరూ రాలేదు.

ఇక ఫైనలియర్ ప్రాజెక్టు. నాలుగేళ్ల చదువులో విద్యార్థి తనంతట తాను ఒక ప్రశ్న వేసుకుని, జవాబు వెతకడానికి ఉన్న ఒకే ఒక్క చోటు అది. అమీర్‌పేటలో, ఇంకా చాలా పట్టణాల్లో ఆ ప్రాజెక్టు కోడ్‌తో సహా, రిపోర్టుతో సహా, వైవాలో చెప్పాల్సిన జవాబులతో సహా రెడీమేడ్‌గా దొరుకుతుంది. తెలంగాణలోనే ఏటా లక్షకు పైగా బీటెక్ సీట్లు ఉన్నాయి. అందులో ఎంతమంది పిల్లలు ఇలా ఆ ఒక్క అవకాశాన్నీ పోగొట్టుకుంటున్నారో తలచుకుంటే బాధ కలుగుతుంది. తప్పు పిల్లలదనడం అన్యాయం. గైడుకు పదిహేను బ్యాచ్‌లు అప్పగించి, ల్యాబుకు సాయంత్రం నాలుగింటికి తాళం వేసి, పరిశోధన చేయమంటే ఎవరు చేస్తారు?

పరిశోధన అంటే పీహెచ్‌డీవాళ్ల పని అనుకోవడం దగ్గరే అసలు చిక్కుంది. సిమెంటునే తీసుకోండి. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం సిమెంటుదే. బొగ్గు మానేసి వేరే ఇంధనం వాడినా సమస్య పూర్తిగా తీరదు, ఎందుకంటే సగానికి పైగా వాయువు సున్నపురాయి కాలినప్పుడు రాయిలోంచే వస్తుంది. అందుకని సున్నపురాయిని కాల్చి చేసే, సిమెంటుకు మూలమైన క్లింకరునే తగ్గించాలి. క్లింకరు 1,450 డిగ్రీల దగ్గర తయారవుతుంది. కయోలిన్ ఉన్న బంకమట్టిని 700, 800 డిగ్రీల దాకా కాల్చి, కాల్చని సున్నపురాయి పొడితో కలిపితే క్లింకరులో దాదాపు సగం తప్పించవచ్చు. ఎల్‌సీ3 అని పిలిచే ఈ సిమెంటుతో కార్బన్ 40 శాతం దాకా తగ్గుతుంది. స్విట్జర్లాండ్, క్యూబా విశ్వవిద్యాలయాలతో కలిసి దీనిమీద పనిచేసినవి మన ఐఐటీ ఢిల్లీ, ఐఐటీ మద్రాస్. అక్కడి ల్యాబుల్లో దిమ్మెలు పోసి, రోజుల లెక్కన నానబెట్టి, విరగ్గొట్టి, మళ్లీ పోసి రాసుకున్నవాళ్లు విద్యార్థులే. 2023లో దీనికి భారత ప్రమాణం కూడా వచ్చింది.

మన సిమెంటు బెల్టు ఎక్కడుంది? హుజూర్‌నగర్, మట్టపల్లి, మాచెర్ల, కడప. ఆ ఫ్యాక్టరీల పొగ కనిపించేంత దూరంలో సివిల్ బ్రాంచి ఉన్న కాలేజీలు ఉన్నాయి. చుట్టుపక్కల ఏ మట్టిలో కయోలిన్ ఎంతుందో మండలాలవారీగా తవ్వి, కాల్చి, బలం చూసే పనికి ఐఐటీ అక్కర్లేదు. కొలిమి, కంప్రెషన్ టెస్టింగ్ మెషిన్, ఓపిక ఉన్న మేష్టారు చాలు. ఒక బ్యాచ్ వదిలినచోట తర్వాతి బ్యాచ్ అందుకుంటే నాలుగేళ్లలో ఒక జిల్లా పటం తయారవుతుంది.

కంది దగ్గరి ఐఐటీ హైదరాబాద్‌లో ఇలాంటిదే ఒకటి జరిగింది. డిజైన్ విభాగం పరిశోధక విద్యార్థి ఒకరు గడ్డి, చెరకుపిప్పి వంటి పంట వ్యర్థాలను సున్నంతో కలిపి ఇటుకలు చేశారు. 2021లో క్యాంపస్‌లోనే వాటితో ఒక సెక్యూరిటీ గది కట్టారు. చిన్న గదే. కానీ ఎండకూ వానకూ నిలిచేదీ లేనిదీ కాగితంమీద తేలదు, గోడ కడితేనే తెలుస్తుంది.

ఐఐటీ బాంబేలోని సితారా కేంద్రం 1985 నుంచి పల్లె సమస్యలమీద పనిచేస్తోంది. అక్కడ ఎంటెక్ చేసేవాళ్లు వారాల తరబడి ఊళ్లలో ఉండి, నీటి పథకమో, పొయ్యో, సాగు లెక్కో చూసి రావాలి. దేశమంతటా కాలేజీలు ఊళ్లను దత్తత తీసుకోవాలని 2014లో ఉన్నత్ భారత్ అభియాన్ వచ్చింది. ఆలోచన మంచిది. మన దగ్గర చాలాచోట్ల అది బ్యానరు కట్టి, మొక్క నాటి, ఫొటో దిగడంతో ఆగిపోతోంది. ఊరికి ఒకసారి వెళ్లి రావడం పరిశోధన కాదు. మళ్లీ మళ్లీ వెళ్లి, అదే పంపు మోటారును వేసవిలోనూ వానాకాలంలోనూ కొలవడం పరిశోధన.

కొలవాల్సినవి ఎంత దగ్గరలో ఉన్నాయో చూడండి. ఈఈఈ పిల్లలకు పక్క చేలోని పంపుసెట్టు ఉంది. అయిదు హార్స్‌పవర్ అని ప్లేటుమీద ఉన్న మోటారు నిజంగా ఎంత లాగుతోంది, కెపాసిటర్ పెడితే ఎంత మారింది? రైతునూ లైన్‌మన్‌నూ కూర్చోబెట్టి అడిగితే పుస్తకంలో లేని కారణాలు పది చెబుతారు. మెకానికల్ వాళ్లకు హాస్టల్ మెస్సు పొయ్యిలు, కాలేజీ బస్సుల డీజిలు ఉన్నాయి. కంప్యూటర్ సైన్స్ వాళ్లు ఈ కొలతలన్నీ పోగుచేసి చూపే పద్ధతి రాయవచ్చు. కెమికల్, సివిల్ కలిసి హాస్టల్ మురుగు ఎక్కడికి పోతోందో వెతకవచ్చు. ఇందులో ఏదీ కోట్ల పని కాదు.

కావలసినవి వేరే ఉన్నాయి. ప్రాజెక్టు ఒక సెమిస్టరు కాకుండా రెండేళ్లు సాగాలి. గైడుకు ఆ గంటలు పనిభారంలో లెక్కవేయాలి. అనుకున్న ఫలితం రాకపోయినా నిజాయితీగా రాసిన రిపోర్టుకు పూర్తి మార్కులు పడాలి. పురలో గ్యాసు చాలలేదన్న మాటను దాచి ఉంటే తర్వాత నీళ్లు వచ్చేవి కావు. వైవాకు ఎక్స్‌టర్నల్‌తోపాటు ఆ మోటారు రైతునో, ఆ మెస్సు వంటమనిషినో కూడా పిలవాలి. వాళ్లు అడిగే ప్రశ్నకు తడబడని కుర్రాడే రేపు ఇంజినీరుగా నిలబడతాడు.

2070 నాటికి నెట్ జీరో చేరతామని మన దేశం 2021లో గ్లాస్గోలో మాట ఇచ్చింది. ఇప్పుడు బీటెక్‌లో ఉన్న పిల్లలు తమ ఉద్యోగ జీవితమంతా ఆ మాట నిలబెట్టే పనిలోనే గడపాలి. అందుకే అమ్మానాన్నలకు ఒక్క విన్నపం. కౌన్సెలింగ్‌లో కాలేజీ ఎంచుకునేటప్పుడు ప్లేస్‌మెంట్ ప్యాకేజీ అడగండి, తప్పులేదు. దాంతోపాటు నిరుడు ఫైనలియర్ పిల్లలు ఏం కొలిచారో, ఆ రిపోర్టు చూపించమని కూడా అడగండి.