పొయ్యి నుండి పెంటకుప్ప వరకు

నేలకొండపల్లి పేరు వినగానే తెలుగువారికి భక్త రామదాసు జ్ఞప్తికి వచ్చును. ఖమ్మమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్న ఆ యూరిలో పుట్టిన కంచెర్ల గోపన్న 17వ శతాబ్దమున పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా వెళ్లెను. సర్కారు సొమ్మునకు లెక్క చెప్పవలసివచ్చి గోలకొండ చెరసాలలో నుండెను. నేడు నేలకొండపల్లిలో వెలుగు దీపములకు వచ్చు విద్యుత్తులో పాల్వంచ పాలు కూడ కలదు. ఈ శక్తికిని ఒక లెక్క యున్నది. నెలనెలా వచ్చు బిల్లు ఆ లెక్కలో ఒక భాగము మాత్రమే.

తక్కిన భాగము మన అడవులలో వ్రాయబడుచున్నది. ఇల్లెందు ప్రాంతమున 1871లో బొగ్గు కనుగొనబడినది. 1889లో తవ్వకము ఆరంభమైనది. పాల్వంచ వద్ద కొత్తగూడెము థర్మల్ విద్యుత్ కేంద్రము 1966లో పని మొదలుపెట్టినది. తొలినాటి యంత్రములు వయసు తీరి నిలిచిపోయినవి. తరువాత నెలకొల్పినవి నడచుచున్నవి. ఒక యూనిట్ విద్యుత్తు పుట్టవలెనన్న అరకిలోకు పైగా బొగ్గు మండవలెను. అందులో సుమారు మూడవ వంతు బూడిదగా మిగులును. అడవి అడుగున బొగ్గున్నచోట ఉపరితల గని తవ్వినచో, ముందుగా పోవునది ఆ అడవియే.

ఇక మన యింటికి వత్తము. పాతరకపు పంకా ఒకటి సుమారు 75 వాట్ల శక్తిని తీసికొనును. ఎవరును లేని గదిలో అది రోజుకు 2 గంటలు తిరిగినచో నెలకు నాలుగున్నర యూనిట్లగును. అనగా 2 కిలోలకు మించిన బొగ్గు ఎవరికిని గాలి తగులకుండ కాలిపోయినదన్నమాట. 60 వాట్ల పాత బల్బు ఇచ్చు వెలుతురును 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము ఇంచుమించుగా ఇచ్చును. దీపము మార్చుటకు కొంత సొమ్ము కావలెను గాని, గది విడుచునపుడు మీట నొక్కుటకు ఏమి ఖర్చు? ఈ మాట గృహిణులకు మాత్రమే చెప్పునది కాదు. పంకా తిరుగుచుండగనే లేచి పోవువారిలో మగవారే ఎక్కువేమో, ఎవరి యింట వారు చూచుకొనవచ్చును.

వంటింటిలో తెలిసికొనదగినది మరియొకటి యున్నది. మూత బిగింపని గిన్నెలో నీరు మరగుట మొదలైన పిదప, మంట పెంచినను ఆ నీటి వేడి పెరుగదు. ఆవిరి మాత్రమే పెరుగును. కావున పొంగు రాగానే సెగ తగ్గింపవలెను, గిన్నెపై మూత నుంచవలెను. కందిపప్పును అరగంట ముందుగా నానవేసిన త్వరగా ఉడుకును. కూర పూర్తిగా చల్లారిన తరువాతనే ఫ్రిజ్‌లో పెట్టవలెను. వేడిగా పెట్టినచో ఆ వేడిని వెలికి పంపుటకు యంత్రము అధికముగా శ్రమపడును.

ఇవి మన పెద్దలకు తెలియనివి కావు. దాలిలో పిడకల సన్నని సెగపై పాలు కాగుచుండెడివి. ఆ కాలపు పొగ మాత్రము మనకు వలదు. ఊదుగొట్టముతో మంట ఊది ఊది కన్నులు, రొమ్ము పాడుచేసికొన్న తల్లులెందరో! గ్యాసుపొయ్యి వచ్చుట మేలే. పొగ పోయినదని పొదుపు కూడ పోనక్కరలేదు.

వ్యర్థముల సంగతియు ఇట్టిదే. పశువులున్న యింట బియ్యము కడిగిన నీరు, తొక్కలు కుడితి తొట్టిలో పడెడివి. ఆకులు, పేడ పెంటకుప్పకు, అక్కడినుండి పొలమునకు పోయెడివి. నేడు అనేక గృహములలో పశువు లేదు. ఆ తొక్కలే ప్లాస్టిక్ సంచిలో మూటగట్టబడి వీధికి చేరుచున్నవి. గాలి తగులక క్రుళ్లినచో దుర్గంధముతోపాటు మీథేన్ వాయువు పుట్టును. పెరటిలో చిన్న గొయ్యి త్రవ్వి, తడి చెత్తపై ఎండుటాకుల పొర వేయుచు, వారమునకొకసారి తిరుగవేసినచో రెండు మూడు నెలలలో ఎరువగును. పెరడు లేనివారు తడి, పొడి చెత్తలను వేరుచేసి పంచాయతీ బండికి ఇయ్యవచ్చును. 2019లో ఆరంభమైన పల్లెప్రగతి కార్యక్రమమున గ్రామములకు ట్రాక్టర్లు వచ్చినవి. కలిపివేసిన చెత్తను మరల వేరుచేయుట మాత్రము ఏ ట్రాక్టరు వల్లను కాదు. ప్లాస్టిక్‌ను పెరటిలో తగులబెట్టుట ఎంతమాత్రమును తగదు. ఆ విషపుపొగను పీల్చువారు మన పిల్లలే.

నేలకొండపల్లిలో ప్రాచీన బౌద్ధ స్తూపము కలదు. ఇటువంటి పాత దిబ్బలను త్రవ్వినపుడు పగిలిన కుండపెంకులు బయల్పడుచుండును. పూర్వులు పారవేసినవే వారి జీవితమును మనకు తెలుపుచున్నవి. మన తరువాతివారు మన దిబ్బలను త్రవ్వినపుడు వారి చేతికేమి చిక్కవలెను? ఈ వారము ఒక్క మీట, ఒక్క మూత, ఒక్క గొయ్యి. వీనితో మొదలుపెట్టి, వచ్చు నెల బిల్లును పాత బిల్లుతో పోల్చి చూడుడు. గోపన్నను సుల్తాను లెక్క యడిగెను. మనలను అడుగువారు మన మనుమలు.