పైన్ అడవికి చలియే కాపలా

పశ్చిమ కెనడాలోని బ్రిటిష్ కొలంబియా శృంగాకారపు అరణ్యాలకు ప్రసిద్ధి. అక్కడి ఎత్తైన పీఠభూములపై చలికాలం దీర్ఘం, వేసవి స్వల్పం. పైన్ వృక్షాల ఆకులు సూదులవలె సన్ననై, మైనపు పూతతో నీటిని పొదుపు చేసుకుంటాయి. మూస్, లింక్స్, మంచుకుందేలు ఆ నీడనే బ్రతుకుతాయి.

పైన్ మానుకు గాయమైతే జిగురు స్రవిస్తుంది. అందులోని ఒక ముఖ్య పదార్థం ఆల్ఫా పైనీన్. టర్పెంటైన్ ఘాటు వాసనకు కారణం అదే. బియ్యపు గింజంత పైన్ పురుగు బెరడును తొలిచినప్పుడు ఈ జిగురు దానిని ముంచివేయజూస్తుంది. అయితే ఆడ పురుగు పైనీన్‌ను ట్రాన్స్‌వెర్బెనాల్‌గా మార్చి గాలిలోకి వదలుతుంది. ఆ వాసనకు వందలాది పురుగులు వచ్చి వాలుతాయి. చెట్టు ఆయుధమే శత్రువుకు ఆహ్వానపత్రిక అవుతుంది. పురుగులు మోసుకువచ్చే బూజు మానులో నీటి ప్రవాహాన్ని అడ్డగిస్తుంది. మరుసటి వేసవికి ఆకులు ఎర్రబారుతాయి.

పూర్వం ఈ పురుగును అదుపులో ఉంచినది చలి. బెరడు క్రింది డింభకాలు దేహంలో గ్లిసరాల్ నింపుకొని, కారులోని యాంటీఫ్రీజ్ వలె, గడ్డకట్టకుండా నిలుస్తాయి. అయినా సున్నాకు దిగువ 40 డిగ్రీల చలి కొన్ని రోజులు నిలిస్తే మరణిస్తాయి. శీతకాలాల తీవ్రత తగ్గిన కొద్దీ ఆ రక్షణ సడలింది. 1990వ దశకంలో ఆరంభమైన ఉపద్రవం ఆ రాష్ట్రంలో 1.8 కోట్ల హెక్టార్లకు వ్యాపించింది. 2006లో పురుగులు గాలివాటున పెద్ద యెత్తున రాకీ పర్వతాలను దాటి అల్బర్టా చేరాయి. అక్కడి నుండి తూర్పు కెనడా వరకు జాక్‌పైన్ వనాలే.

ఎండిన మాను కుళ్ళినా కాలినా, తాను దాచిన బొగ్గుపులుసు వాయువును తిరిగి గాలికే విడుస్తుంది. ప్రవాసులు విసుగుకొనే ఆ చలియే అడవికి కంచె.