పంపుకు ఒప్పింది బెల్టుకు ఒప్పదు

పరిశ్రమల్లో ఎక్కువగా కనిపించేది త్రీఫేజ్ ఇండక్షన్ మోటారు. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నాలుగు పోళ్ల మోటారు నిమిషానికి ఇంచుమించు 1,440 చుట్లు తిరుగుతుంది. నీళ్లు తోడినా, బొగ్గు మోసినా మోటారు అదే. దాన్ని ఎలా స్టార్ట్ చేయాలి, వేగం ఎలా మార్చాలి అన్నచోటే తేడా వస్తుంది. ఆ పని చూసే సరంజామాను ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది హార్స్‌పవర్ కాదు, అవతల తిరిగే యంత్రం స్వభావం.

నేరుగా లైన్ మీద స్టార్ట్ చేస్తే మోటారు మామూలు కంటే ఆరేడు రెట్లు కరెంటు లాగుతుంది. స్టార్ డెల్టా స్టార్టర్ దాన్ని మూడో వంతుకు దించుతుంది. కానీ తిప్పే బలమూ మూడో వంతుకే పడిపోతుంది. సెంట్రిఫ్యూగల్ పంపుకు ఇబ్బంది లేదు. వేగం పుంజుకున్నాకే దానికి బరువు తెలుస్తుంది.

కన్వేయర్ అలా కాదు. థర్మల్ కేంద్రంలో ఏటవాలు బెల్టు నిండా బొగ్గుతో ఆగిపోయిందనుకుందాం. మళ్లీ కదలాలంటే మొదటి క్షణంలోనే పూర్తి బలం కావాలి. స్టార్‌లో అది కదలదు, డెల్టాకు మారగానే ఒక్క కుదుపుతో లేస్తుంది. ఆ దెబ్బ బెల్టు అతుకుల మీద, గేర్‌బాక్స్ పళ్ల మీద పడుతుంది. దీనికి పాత మందు ఫ్లూయిడ్ కప్లింగ్: మోటారు ముందు తేలిగ్గా వేగం అందుకుంటుంది, నడుమ ఉన్న ఆయిల్ ఆ బలాన్ని మెల్లగా బెల్టుకు చేరుస్తుంది. కరెంటు ఫ్రీక్వెన్సీనే మార్చే వీఎఫ్‌డీ అయితే నెమ్మది వేగంలోనూ మామూలుకు ఒకటిన్నర రెట్ల బలం ఇప్పించగలదు. అయితే కరెంటు పోతే బెల్టు వెనక్కి జారకుండా పట్టే హోల్డ్‌బ్యాక్ అవసరం మాత్రం వీటిలో దేనితోనూ తీరదు.

వీఎఫ్‌డీ పెడితే కరెంటు ఆదా అనే మాట సగమే నిజం. పంపు వేగం 80 శాతానికి తగ్గిస్తే, వేగం ఘనం లెక్కన, విద్యుత్తు 51 శాతం చాలు. నీటిని పైపుల్లో తిప్పడమే పనైన చోట, మోటారును నిండుగా నడుపుతూ వాల్వు బిగించడం శుద్ధ దండగ. నీటిని ఎత్తుకు ఎక్కించాల్సి వస్తే కథ మారుతుంది. ప్రవాహం లేనప్పుడు 50 మీటర్లు ఎత్తగల పంపు 32 మీటర్ల ట్యాంకుకు నీరు పంపుతోందనుకుంటే, 40 హెర్ట్జ్ దగ్గర, అంటే 80 శాతం వేగంలో, దాని శక్తి సరిగ్గా 32 మీటర్లకే సరిపోతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, ట్యాంకులో చుక్క పడదు. అందుకే ఎత్తిపోతల్లో సాధారణంగా వేగం తగ్గించరు, అవసరాన్ని బట్టి కొన్ని పంపులు నడిపి మిగతావి ఆపుతారు. ఏడాది పొడుగునా నిండు ప్రవాహంతో నడిచే పంపుకైతే వీఎఫ్‌డీ అదనపు ఖర్చే, పైగా అది తనలోనే కొంత విద్యుత్తు వృథా చేస్తుంది. అక్కడ ఎక్కువ సామర్థ్యమున్న ఐఈ3 తరగతి మోటారు, సరైన సైజు ఇంపెల్లర్ మేలు.

బెల్టుకు ఘనం లెక్క వర్తించదు. టన్ను బొగ్గు ఎత్తడానికి కావాల్సిన శక్తి వేగాన్ని బట్టి మారదు. అక్కడ వీఎఫ్‌డీ విలువ కుదుపు లేని స్టార్టింగులో, రెండు మూడు మోటార్లు బరువు సమంగా పంచుకోవడంలో ఉంది.

వీఎఫ్‌డీ పెట్టాక చూసుకోవాల్సినవీ ఉన్నాయి. వేగం తగ్గితే మోటారు వెనక ఫ్యాను గాలి తగ్గుతుంది, కానీ బెల్టు బరువు తగ్గదు. కనుక నెమ్మదిగా ఎక్కువసేపు నడిపే మోటారుకు విడిగా ఫ్యాను కావాలి. డ్రైవ్ నుంచి మోటారుకు వెళ్లే కేబుల్ పొడవైతే వోల్టేజీ పోట్లు వైండింగును దెబ్బతీస్తాయి, ఫిల్టర్ పెట్టించాలి. బొగ్గు, సిమెంటు దుమ్ముండే చోట డ్రైవ్ ప్యానెల్‌కు మూసిన ఏసీ గది మేలు.