పెరటి నిమ్మతో పేచీ!

మీ పెరట్లో నిమ్మచెట్టు ఉందా? అయితే మా ఇంటి కథ వినండి.

మార్కాపురం, గిద్దలూరు వైపు పెరట్లో చెట్టును బతికించుకోవడం తేలిక కాదు. బోర్లు ఎండిపోయే వేసవిలో బియ్యం కడిగిన నీళ్లు, స్నానాల నీళ్లు మళ్లించి మా ఆవిడ నిమ్మచెట్టును నిలబెట్టింది. మొన్న వేసవిలో అది గంపెడు కాపు కాసింది. దోటి కోసం పక్కింటికి వెళ్లడమెందుకని నేనే కొమ్మల్లో చెయ్యి పెట్టాను. నాలుగు కాయలు చేతికొచ్చాయి. వేలి కణుపులో ముల్లు దిగింది.

పీకి పారేశాను. మొన విరిగి లోపలే ఉండిపోయిందని చూసుకోలేదు. పక్కింటి పెద్దమ్మ జిల్లేడు పాలు తెస్తే దణ్ణం పెట్టి వద్దన్నాను. నా వైద్యం అంతటితో సరి! మూడు వారాలకు కణుపు వాచింది, వేలు వంగలేదు. “ఊరందరికీ చెప్తారు, మీకు మీరు చెప్పుకోరా?” అని ఆవిడ దెప్పింది. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. కట్టెలాంటి ముల్లు దానికి సాధారణంగా చిక్కదు. అల్ట్రాసౌండ్‌లో దొరికింది. సర్జన్ మిత్రుడు దాన్ని తీసి, “ఇదిగో అన్నా, నీ పంట!” అని చేతిలో పెట్టాడు.

నవ్వులాటకేం గానీ, కీలులో ముల్లు ముక్క మిగిలితే వాపు నెలల తరబడి వేధిస్తుంది. మాత్రలతో తాత్కాలికంగా తగ్గినా మళ్లీ వస్తుంది. ముక్క తీస్తేనే నయమవుతుంది.

ధనుర్వాతం మాటేమిటి?

మట్టిలో, పశువుల ఎరువులో ధనుర్వాతం క్రిములు ఉంటాయి. ముల్లు గాయం చిన్నదే అయినా లోతైనది. చివరి టీకా వేయించుకుని 5 ఏళ్లు దాటినా, ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీడీ ఇంజెక్షన్ గురించి అడగండి. అలాగని గీరుకున్న ప్రతిసారీ, ఆరు నెలలకోసారి అక్కర్లేదు.

రసం, ఎండ కలిస్తే...

కాయలు దక్కాయి కదా అని మా ఆవిడ మిద్దె మీద ఎండలో కూర్చుని ఊరగాయకు రసం పిండింది. రెండు రోజులకు చేతులు ఎర్రబడి బొబ్బలొచ్చాయి. చూసినవాళ్లు “సర్పి, మంత్రం వేయించండి” అన్నారు. అది సర్పి కాదు, అలర్జీ కూడా కాదు. నిమ్మలో ఉండే ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే ఎవరికైనా కాలుతుంది. రసం కారిన చోటల్లా గోధుమరంగు చారలు పడతాయి. అవి పోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మొహానికి నిమ్మచెక్క రుద్దుకుని ఎండలోకి వెళ్లేవారికీ ఇదే గతి.

ఇవి గుర్తుంచుకోండి

• కాయలు దోటితోనే కోయండి. చెట్టు కింద చెప్పులు వేసుకోండి.
• ముల్లు గుచ్చుకుంటే సబ్బు నీళ్లతో కడగండి. లోతుగా దిగితే పిన్నీసుతో కెలకొద్దు.
• జిల్లేడు పాలు వద్దు. కంట్లో పడితే చూపుకే ప్రమాదం.
• వేలు వంగకపోయినా, ఎరుపు పైకి పాకినా, చీము, జ్వరం కనిపించినా ఆ రోజే డాక్టర్‌ను కలవండి. షుగర్ ఉన్నవారు అంతదాకా ఆగొద్దు.
• దవడ బిగుసుకుంటే అత్యవసరం. వెంటనే 108కి ఫోన్ చేయండి.
• రసం నీడలో పిండండి. ఎండలోకి వచ్చేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇప్పుడు మా ఇంట్లో సొంత దోటి ఉంది. పక్కింటివాళ్లే అడిగి తీసుకెళ్తున్నారు!