తప్పంతా పొగమంచుదేనా?

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున హైవే మీద ప్రమాదం జరిగితే వార్తల్లో మొదట వినిపించే కారణం పొగమంచు. దారి కనిపించక ఆగి ఉన్న లారీని కారు ఢీకొట్టిందనో, ముందు పోతున్న బస్సును వెనక బస్సు గుద్దిందనో రాస్తారు. ఆ ఒక్క మాటతో డ్రైవరు, బండి యజమాని, రోడ్డు నిర్వహించే సంస్థ ముగ్గురూ తప్పించుకుంటారు. ఏటా ఇవే నెలల్లో, ఇదే వేళకు వచ్చేదాన్ని అనుకోని విపత్తు అనడం సబబు కాదు. మన చట్టం, కోర్టులు కూడా ప్రమాదానికి ముందు మనుషులు ఏం చేశారన్నదే చూస్తాయి.

ఆకాశం నిర్మలంగా ఉండి గాలి స్తంభించిన చలి రాత్రుల్లో నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలిలోని తేమ సన్నని నీటి తుంపరగా మారి పొగమంచవుతుంది. అందుకే వరిపొలాలు, కాలువలు, చెరువుల పక్కన సాగే రోడ్ల మీద, అరకు, లంబసింగి వంటి కొండ ప్రాంతాల్లో సూర్యోదయానికి కాస్త అటూ ఇటూగా అది బాగా కమ్ముకుంటుంది. 200 మీటర్ల లోపే కనిపిస్తే దట్టమైనదనీ, 50 మీటర్లు కూడా కనిపించకపోతే అతి దట్టమైనదనీ వాతావరణ శాఖ లెక్కగడుతుంది. ఇప్పుడు బండి ఆగే దూరం చూద్దాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. అడ్డం గమనించి బ్రేకు తొక్కేందుకు ఒకటిన్నర సెకను పట్టిందనుకున్నా అప్పటికే 33 మీటర్లు అయిపోతాయి. తడి రోడ్డు మీద బ్రేకు పడ్డాక ఆగడానికి ఇంచుమించు మరో 50 మీటర్లు కావాలి. అదే 40 వేగంలో అయితే మొత్తం 30 మీటర్లు చాలు. 50 మీటర్లే కనిపించే చోట 80లో పోయేవాడి ముందు ఏదైనా అడ్డం పడితే, దాన్ని గుద్దకుండా ఆగడం అతనివల్ల కాదు. పైగా హైబీమ్ వేస్తే ఆ వెలుగు తుంపర మీద పడి తిరిగి కళ్లలోకే కొడుతుంది. కనిపించే కాస్త దారీ పోతుంది.

మంచు ఒక్కసారిగా కమ్ముకుంటే డ్రైవరేం చేస్తాడని అడగవచ్చు. అందులో కొంత నిజముంది. వంతెన దగ్గరో, కాలువ మలుపులోనో మంచు తెర హఠాత్తుగా ఎదురుకావచ్చు. అయితే ఆ సీజన్‌లో ఆ వేళ బండి తీసేవారికి అలా జరగవచ్చని ముందే తెలుసు. ముందు బండికి తగినంత దూరం పాటించాలన్న నియమం ఇందుకే ఉంది. లారీ వెనక 10, 15 అడుగుల దూరంలోనే నడుస్తూ, లారీ ఆగేసరికి దాన్ని గుద్దిన కారు కేసులో తప్పు కారు డ్రైవరుదేనని 2018లో సుప్రీంకోర్టు అంగీకరించింది.

అలాగని ప్రతిసారీ వెనకవాడిదే తప్పనుకోకూడదు. అదే ఏడాది మరో కేసులో, రాత్రిపూట లైట్లు లేకుండా రోడ్డు మధ్యలో ఆపిన ట్యాంకరును ఒక కారు గుద్దింది. హైకోర్టు తప్పును చెరిసగం చేస్తే, సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి ట్యాంకరు డ్రైవరుదే పూర్తి బాధ్యతని తేల్చింది. ఇతరులకు ప్రమాదం కలిగేలా బండిని రోడ్డు మీద వదిలేయకూడదని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతోంది. పార్కింగ్ లైట్లు, వెనక రిఫ్లెక్టర్ టేపు, కాస్త దూరంలో పెట్టే ఎర్ర త్రికోణం లేకుండా బండి ఆపినవారు మంచును సాకుగా చూపలేరు.

పరిహారం ఎలాగూ వస్తుంది కదా, తప్పెవరిదైతేనేం అనేవారూ ఉన్నారు. తప్పు నిరూపించకుండానే 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయాలకు రెండున్నర లక్షలు అడగవచ్చన్న మాట నిజమే. కానీ ఇల్లు నడిపే మనిషి పోతే ఆ మొత్తం ఏ మూలకు? మృతుడి వయసు, సంపాదన, అతని మీద ఆధారపడినవారిని లెక్కలోకి తీసుకునే పరిహారం 166వ సెక్షన్ కింద వస్తుంది. అక్కడ తప్పెవరిదన్నదే కీలకం. తనవంతు తప్పున్న డ్రైవరుకు ఆ మేరకు కోత పడుతుంది. ప్రయాణికులకు ఆ కోత లేదు. రెండు బండ్లదీ తప్పయితే ఏ ఒక్కరి నుంచైనా మొత్తం రాబట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2015లో స్పష్టం చేసింది. ఈ దరఖాస్తుకు 2019 సవరణ ఆరు నెలల గడువు పెట్టింది కాబట్టి ఆలస్యం చేయకూడదు.

బండి ఆపుకోవడానికి చోటేదని లారీ డ్రైవర్లు అడిగే ప్రశ్న న్యాయమైనదే. రాత్రంతా నడిపి అలసినవారికి సరైన లారీ బేలు లేకపోతే రోడ్డు అంచే దిక్కవుతుంది. దాంతో వారి బాధ్యత తీరిపోదు గానీ మరికొందరి బాధ్యత మొదలవుతుంది. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా అందుకు బాధ్యులైన సంస్థకో, కాంట్రాక్టరుకో లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చని 198ఎ సెక్షన్ అంటోంది. వందల కోట్ల పనులకు ఆ లక్ష లెక్కలోది కాదు. చట్టంలో అసలు లోటు ఇక్కడే ఉంది. డ్రైవరు తప్పుకు జైలు, రోడ్డు తప్పుకు లక్ష రూపాయలు అన్నంతకాలం లారీ బేలు, మెరిసే గుర్తులు, చలికాలపు వేగ పరిమితులు కాగితం మీదే ఉంటాయి. ప్రమాద నివేదికలో పోలీసులు ‘పొగమంచు’ అని రాసి ఊరుకోకుండా బండ్ల వేగమెంత, లైట్లు వెలిగాయా, బండి ఆపే చోటుందా అన్న మూడు విషయాలూ విధిగా నమోదు చేయాలి.