ఆటగాడికి వడదెబ్బ: ముందు చల్లబరచండి, తర్వాత ఆసుపత్రి

షోలాపూర్ ఎండల గురించి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఏప్రిల్, మే నెలల్లో 43, 44 డిగ్రీలు మామూలే. సరిగ్గా ఆ రోజుల్లోనే బడులకు సెలవులు, పిల్లలకు క్రికెట్, కబడ్డీ పోటీలు. భవాని పేట్ కుర్రాళ్లకు మరో ఇబ్బంది కూడా ఉంది. దారం తెగకూడదని మగ్గాల కార్ఖానాల్లో గాలిని తేమగా ఉంచుతారు. ఆ ఉక్కలో రాత్రి పాళీ చేసి, నిద్ర చాలకుండానే మధ్యాహ్నం మైదానంలోకి దిగితే, ఆట మొదలు కాకముందే ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది.

యునానీ వైద్యం ఆరోగ్యానికి ఆరు ఆధారాలు చెబుతుంది. వీటిని 'అస్బాబె సిత్తా జరూరియా' అంటారు. అవి: గాలి, అన్నపానాలు, శరీర శ్రమ-విశ్రాంతి, మానసిక శ్రమ-విశ్రాంతి, నిద్ర-మెలకువ, విసర్జన-నిలుపుదల. ఎండలో ఆడే కుర్రాడికి వేడిగాలి, అతిశ్రమ, నిద్రలేమి, విపరీతమైన చెమట ఒకేసారి ఎదురవుతాయి. పనిచేసే కండరాలు వేడిని పుట్టిస్తాయి. చెమట ఆరితేనే ఆ వేడి బయటకు పోతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుందే గాని ఆరదు. వేడి లోపలే పేరుకుపోతుంది.

1986 సెప్టెంబరులో మద్రాసు చేపాక్ మైదానంలో ఆస్ట్రేలియా ఆటగాడు డీన్ జోన్స్ ఎనిమిది గంటలకు పైగా బ్యాటింగ్ చేసి 210 పరుగులు తీశాడు. పిచ్ పక్కనే వాంతులు చేసుకున్నాడు. చివరకు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. దీన్ని చాలామంది వీరగాథగా చెప్పుకుంటారు. మీ అబ్బాయి మాత్రం దాన్ని హెచ్చరికగా తీసుకోవాలి. అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ 2001లో సాధన చేస్తూ వడదెబ్బకు గురై, ఆగస్టు 1న మరణించాడు. అప్పటికి అతని వయసు 27 ఏళ్లే.

గుర్తుపట్టడం ఎలా?

తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, కండరాలు పట్టేయడం మొదటి హెచ్చరికలు. వెంటనే ఆట మాన్పించి, నీడలో పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తులో ఉంచి, ఉప్పు కలిపిన మజ్జిగ గాని ఓ.ఆర్.ఎస్. గాని కొద్దికొద్దిగా తాగించండి.

తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, కోపంగా ప్రవర్తిస్తున్నా, స్పృహ తప్పినా అది అసలైన వడదెబ్బ. యునానీలో దీని పేరు 'జర్బతుష్షమ్స్'. అప్పుడు శరీరం లోపలి వేడి సాధారణంగా 40 డిగ్రీలు దాటి ఉంటుంది. చర్మం పొడిగా ఉంటేనే వడదెబ్బ అని పెద్దలు అంటుంటారు. ఆటగాళ్ల విషయంలో ఇది నిజం కాదు. ఒళ్లంతా చెమటతో తడిసి ఉన్నా వడదెబ్బ తగలవచ్చు.

ఏం చేయాలి?

ఒకరు 108కి ఫోన్ చేయాలి. మిగతావారు ఆ క్షణం నుంచే చల్లబరచడం మొదలుపెట్టాలి. పెద్ద తొట్టి ఉంటే మెడ వరకు చల్లటి నీటిలో కూర్చోబెట్టి, తల మునగకుండా ఒకరు పట్టుకోవాలి. తొట్టి లేకపోతే ఒళ్లంతా చన్నీళ్లు పోస్తూ, మంచునీటిలో ముంచిన తువ్వాళ్లు కప్పి, మాటిమాటికి మార్చుతూ విసరాలి. తువ్వాళ్లకు పేరుపడ్డ ఊరు మనది, మైదానానికి నాలుగు తీసుకెళ్లడం కష్టమా? మొదటి అరగంటే ప్రాణాన్ని నిలిపేది. చల్లబరచకుండా ఆటోలో వేసి పరుగెత్తితే ఆ అరగంట దారిలోనే గడిచిపోతుంది.

స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు గాని, షర్బత్ గాని పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జ్వరం మాత్ర ఇక్కడ పనిచేయదు. ఉల్లిపాయ రుద్దుతూ కాలం వృథా చేయకండి.

షర్బత్‌లు ఎప్పుడు?

షర్బతె నీలోఫర్, షర్బతె బజూరీ, సబ్జా నీళ్లు, మామిడికాయ పన్హే వేసవికి మంచి పానీయాలే. అయితే అవి ముందుజాగ్రత్తకు మాత్రమే, వడదెబ్బకు చికిత్స కాదు. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి తీపి షర్బత్ ఒక్కటే చాలదు. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరకకపోతే లీటరు మంచినీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. మధుమేహం ఉన్నవారు షర్బత్‌ల విషయంలో హకీమును అడగాలి.

ఆటకు ముందు

వేసవి సాధనను మొదటిరోజే పూర్తిస్థాయిలో పెట్టవద్దు. ఎండకు శరీరం అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆట ఉదయం 9 లోపు గాని, సాయంత్రం ఎండ తగ్గాక గాని పెట్టుకోండి. రాత్రి పాళీ చేసినవారు, జ్వరం లేదా విరేచనాలతో ఉన్నవారు ఆ రోజు ఆడకూడదు. రోజాలో ఉన్నవారు సాధనను ఇఫ్తార్ తర్వాతకు మార్చుకోవాలి.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మాట. "కళ్లు తిరుగుతున్నాయి" అన్న కుర్రాడిని పిరికివాడని ఎగతాళి చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి. ఆ మాట బయటకు చెప్పగలిగిన పిల్లవాడే క్షేమంగా ఇంటికి వస్తాడు.